క్యాంపర్ వ్యాన్‌కు సోలార్: విడి పరికరాలతో కట్టుకున్న వ్యవస్థ, పవర్ స్టేషన్‌లపై సమీక్ష

క్యాంపర్ వ్యాన్ కోసం అమ్మే సోలార్ సామాను పెట్టెల మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించేది వాట్ల సంఖ్య. 200 వాట్ల కిట్, 400 వాట్ల కిట్ అన్న పేర్లతోనే అవి అమ్ముడవుతాయి; కొనేవారు కూడా ఆ సంఖ్యను పట్టుకునే ఆలోచన మొదలుపెడతారు. ఈ మొత్తం వ్యవస్థలో తక్కువ ఆలోచనతో ఎంచుకోదగిన భాగం ఏదైనా ఉంటే అది ప్యానెలే అని నా అభిప్రాయం. రాత్రంతా ఫ్రిజ్ ఆగకుండా నడుస్తుందా, రెండు మూడు రోజులు మబ్బు పట్టినా దీపం వెలుగుతుందా, బ్యాటరీ పదేళ్లు మన్నుతుందా అన్నవి నిర్ణయించేవి వేరే ఉన్నాయి: బ్యాటరీ, ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే ఛార్జిని అదుపు చేసే ఛార్జ్ కంట్రోలర్, బ్యాటరీలో ఎంత మిగిలిందో నిజం చెప్పే మీటరు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆల్టర్నేటర్ నుంచి ఛార్జి తెచ్చే పరికరం. విక్ట్రాన్ కంపెనీ విడి పరికరాలను, వాటికి పోటీగా నిలిచే రెనోజీ యూనిట్‌ను, అన్నీ ఒకే పెట్టెలో ఇమిడిన ఎకోఫ్లో డెల్టా 2 పవర్ స్టేషన్‌ను ఈ సమీక్షలో ఆ దృష్టితోనే తూచి చూశాను.

ముందుగా ఖర్చు లెక్క, అంటే కరెంటు ఖర్చు లెక్క. దీన్ని వాట్లలో కాక వాట్-గంటల్లో వేసుకోవాలి. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 45 వాట్లు తీసుకుంటుందనుకుంటే, వేడి రోజుల్లో అది సగం సమయం నడిచినా రోజుకు 540 వాట్-గంటలు అవుతుంది. 25 వాట్ల రూఫ్ ఫ్యాన్ పది గంటలు తిరిగితే 250, ల్యాప్‌టాప్ 60 వాట్ల చొప్పున నాలుగు గంటలు పనిచేస్తే 240, దీపాలు, ఫోన్లు, నీటి పంపు అన్నీ కలిపి మరో 100. మొత్తం సుమారు 1,130 వాట్-గంటలు, అంటే ఇంటి మీటరు భాషలో ఒక యూనిట్‌కు కాస్త ఎక్కువ. ఇందులో సగం ఒక్క ఫ్రిజ్‌దే కావడం గమనించదగిన విషయం. ఇదే వ్యాన్‌లో 1,500 వాట్ల ఇండక్షన్ పొయ్యి మీద రోజుకు 40 నిమిషాలు వండుకుంటే మరో 1,000 వాట్-గంటలు చేరి లెక్క దాదాపు రెట్టింపవుతుంది. అందుచేత గ్యాసు మీద వండుకోవాలా, కరెంటు మీద వండుకోవాలా అన్న నిర్ణయం జరగకముందు ఏ కిట్ మంచిదని అడిగితే ఎవరూ సరైన జవాబు ఇవ్వలేరు.

ఇక రాబడి వైపు చూద్దాం. ప్యానెల్ మీద ముద్రించిన వాట్లు ప్రయోగశాల పరిస్థితుల్లో కొలిచినవి: చదరపు మీటరుకు 1,000 వాట్ల కాంతి పడుతూ, సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పటి సామర్థ్యం అది. వ్యాన్ పైకప్పు మీద ఈ రెండూ ఒకేసారి కలిసిరావడం చాలా అరుదు. ఎండ బాగా ఉన్నప్పుడు సెల్ 60, 65 డిగ్రీలకు చేరుతుంది. సిలికాన్ ప్యానెల్ 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం దాకా సామర్థ్యం కోల్పోతుంది కాబట్టి, నడి ఎండలో 12 నుంచి 16 శాతం వేడికే పోతుంది. ప్యానెల్ బల్లపరుపుగా పడుకుని ఉండడం, దుమ్ము పట్టడం, వైర్లలో నష్టం కూడా కలిపితే, ముద్రించిన సంఖ్యలో 70 శాతం లెక్కలోకి తీసుకోవడం భద్రమైన పద్ధతి. ఆ లెక్కన రోజుకు 5 పూర్తి ఎండ గంటలు (అంటే ఆ 1,000 వాట్ల కాంతికి సమానమైన గంటలు) దొరికే కాలంలో 400 వాట్ల ప్యానెళ్లు 1,400 వాట్-గంటలు ఇస్తాయి. 2 గంటలే దొరికే చలికాలంలో 560 మాత్రమే ఇస్తాయి. ఏ ప్రాంతంలో ఏ నెలలో ఎంత ఎండ దొరుకుతుందో యూరోపియన్ కమిషన్ ఉచితంగా అందించే పీవీజీఐఎస్ అనే లెక్కింపు సాధనంలో చూసుకోవచ్చు. అందులో ప్యానెల్ వాలును సున్నా డిగ్రీలుగా పెట్టి చూడాలి, ఎందుకంటే అది మొదట చూపే లెక్క వాలుగా అమర్చిన ప్యానెల్‌కు చెందినది.

ప్యానెళ్లలో నా ఎంపిక అల్యూమినియం ఫ్రేము, గాజు ముఖం ఉన్న గట్టి ప్యానెల్. పైకప్పు మీద అంటించే వంగే ప్యానెళ్లు 100 వాట్లకు రెండు కిలోల చిల్లర బరువే ఉంటాయి, బయటికి కనిపించవు, గాలికి అడ్డు రావు. ఈ మూడు సుగుణాలూ నిజమైనవే. అయితే లోహపు పైకప్పుకు అతుక్కుని ఉండడం వల్ల వాటి కింద గాలి ఆడదు, వేడి పోయే దారి ఉండదు. వ్యాన్ కంపించినప్పుడల్లా సెల్‌లలో సన్నని పగుళ్లు ఏర్పడతాయి, పై ప్లాస్టిక్ పొర ఏళ్లు గడిచేకొద్దీ మసకబారుతుంది. గట్టి ప్యానెళ్లకు 25 ఏళ్ల సామర్థ్య హామీ సాధారణం. వంగే ప్యానెళ్లకు అటువంటి హామీ దొరకడం అరుదు. పైకప్పు వంపు తిరిగి ఉండి మరో దారి లేకపోతే తప్ప వాటిని తీసుకోవద్దనే చెబుతాను. తీసుకోక తప్పకపోతే పై పొర పెట్ అనే మామూలు ప్లాస్టిక్‌తో చేసినది కాక ఎక్కువ కాలం మన్నే ఈటీఎఫ్ఈ ప్లాస్టిక్‌తో చేసినదై ఉండేలా చూసుకోవాలి.

చాలామంది దృష్టికి రాని మరో ఎంపిక ఇళ్ల పైకప్పుల మీద వాడే పెద్ద ప్యానెల్. 370 నుంచి 400 వాట్ల ప్యానెల్ సుమారు 1.7 మీటర్ల పొడవు, మీటరుకు కాస్త ఎక్కువ వెడల్పు, 20 కిలోల ప్రాంతంలో బరువు ఉంటుంది. కారవాన్‌ల కోసమని ప్రత్యేకంగా అమ్మే 100 వాట్ల చిన్న ప్యానెళ్లతో పోలిస్తే వాట్‌కు పడే ధర ఇందులో బాగా తక్కువ, కనెక్షన్లు కూడా తక్కువ. పైకప్పు మీద రూఫ్ ఫ్యాన్, కిటికీ అడ్డు రాకుండా ఆ కొలతలో ఖాళీ ఉంటే ఇంతకన్నా మంచి బేరం లేదు. మడిచి పెట్టుకునే ప్యానెల్ ఒకటి అదనంగా ఉండడం మంచిదే. వ్యాన్‌ను నీడలో నిలిపి ప్యానెల్‌ను ఎండలో పెట్టుకోవచ్చు, చలికాలంలో సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు అతని వైపు వాల్చుకోవచ్చు. ప్రతి మజిలీలో దాన్ని తీసి, పరిచి, గాలికీ దొంగలకూ కాపలా కాయడం ఎంతమందికి ఓపిక ఉన్న పని అన్నది వేరే ప్రశ్న. అందుకే ప్రధాన ఆధారంగా దాన్ని సిఫారసు చేయను.

ఛార్జ్ కంట్రోలర్ దగ్గర మాత్రం కాసేపు నిలబడి ఆలోచించాలి. పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్ ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలిపి, తీస్తూ, మళ్లీ కలుపుతూ ఉంటుంది. కాబట్టి ప్యానెల్ బ్యాటరీ వోల్టేజి దగ్గరే పనిచేయవలసి వస్తుంది. 18 వోల్టుల దగ్గర 5.5 ఆంపియర్లు ఇవ్వగల 100 వాట్ల ప్యానెల్‌ను 13.2 వోల్టుల బ్యాటరీకి అలా కలిపితే వచ్చేది 73 వాట్లే. ఇంటి ప్యానెల్ విషయంలో నష్టం ఇంకా ఘోరం: 33 వోల్టుల దగ్గర 11 ఆంపియర్లు, అంటే 360 వాట్లు ఇవ్వగల ప్యానెల్ ఈ కంట్రోలర్ కింద 145 వాట్లకు పడిపోతుంది. ఎంపీపీటీ రకం ప్యానెల్ ఏ వోల్టేజి దగ్గర ఎక్కువ శక్తి ఇస్తుందో వెతికి, అక్కడే దాన్ని నిలిపి, మిగులు వోల్టేజిని ఆంపియర్లుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. ఒకే ఒక చిన్న ప్యానెల్, దీపాలు మాత్రమే ఉన్న వ్యాన్‌కు పీడబ్ల్యూఎం సరిపోవచ్చు. ఫ్రిజ్ ఉన్న వ్యాన్‌కు దాన్ని కిట్‌లో కలిపి ఇస్తున్నారంటే ఆ కిట్‌ను పక్కన పెట్టడమే మేలు.

నా వ్యాన్‌లో ఉన్నది విక్ట్రాన్ స్మార్ట్‌సోలార్ 100/30. ఈ పేరులోని రెండు సంఖ్యలను చదవడం తెలిస్తే ఆ కంపెనీ వరుసలోని మిగిలిన నమూనాలన్నీ అర్థమవుతాయి. మొదటిది ప్యానెళ్ల వైపు భరించగల గరిష్ఠ వోల్టేజి, రెండవది బ్యాటరీ వైపు ఇవ్వగల గరిష్ఠ ఆంపియర్లు. 12 వోల్టుల బ్యాటరీకి 75/15 నమూనా 220 వాట్ల దాకా, 100/20 నమూనా 290 దాకా, 100/30 నమూనా 440 దాకా, 100/50 నమూనా 700 దాకా ఇవ్వగలవు. ప్యానెళ్ల వాట్లు దీన్ని కాస్త మించినా ప్రమాదం లేదు, షార్ట్ సర్క్యూట్ ఆంపియర్ల హద్దు మాత్రం దాటకూడదు. వాట్లు మించినప్పుడు పరికరం తన పరిమితి దగ్గర ఆగిపోతుంది. వోల్టేజి హద్దును మాత్రం ఒక్కసారి మించినా పరికరం కాలిపోవచ్చు. చలికి ప్యానెల్ వోల్టేజి పెరుగుతుందన్న సంగతి ఇక్కడే ముఖ్యం. ఏ భారమూ లేనప్పుడు 22.5 వోల్టులు చూపే 100 వాట్ల ప్యానెళ్లు నాలుగింటిని శ్రేణిలో కలిపితే 25 డిగ్రీల దగ్గర 90 వోల్టులు వస్తాయి. సున్నాకు పది డిగ్రీలు దిగువన అదే వరుస పది శాతం పెరిగి 99 దాటుతుంది, 100 వోల్టుల కంట్రోలర్‌కు అంచు మీద నిలబడినట్టే. రెండేసి ప్యానెళ్లను శ్రేణిలో కలిపి, ఆ రెండు జతలను సమాంతరంగా కలిపితే 45 వోల్టుల దగ్గర నిశ్చింతగా ఉండవచ్చు.

నీడ పడితే నష్టం తగ్గుతుందని అన్ని ప్యానెళ్లనూ సమాంతరంగా కలపమనే సలహా తరచుగా వినిపిస్తుంది. అందులో సగం నిజం ఉంది. శ్రేణిలో ఒక ప్యానెల్ మీద నీడ పడితే ఆ వరుస అంతటి కరెంటూ తగ్గే అవకాశం ఉంది, నీడ పడిన సెల్‌లను తప్పించి కరెంటుకు పక్కదారి ఇచ్చే బైపాస్ డయోడ్లు ఆ నష్టాన్ని కొంతవరకే ఆపగలవు. కానీ 18 వోల్టుల ప్యానెల్ ఎండకు 65 డిగ్రీలకు వేడెక్కితే అది పనిచేసే వోల్టేజి 15 ప్రాంతానికి పడిపోతుంది. లిథియం బ్యాటరీని నింపడానికి కావలసింది 14.2 నుంచి 14.6. మధ్యలో వైర్లలో పోయేది కూడా తీసివేస్తే ఎంపీపీటీకి పనిచేయడానికి ఎడమే మిగలదు. పైగా విక్ట్రాన్ కంట్రోలర్ ఛార్జింగ్ మొదలుపెట్టాలంటే ప్యానెల్ వోల్టేజి బ్యాటరీ కన్నా 5 వోల్టులు ఎక్కువ ఉండాలి. మొదలయ్యాక 1 వోల్టు ఎక్కువ ఉంటే చాలు. ఉదయం, సాయంత్రం, మబ్బు వేళల్లో జతలుగా కలిపిన ప్యానెళ్లు ముందుగా మేల్కొని ఆలస్యంగా పడుకుంటాయి. అందుకే ఒక జతను పైకప్పు ముందు భాగంలో, మరో జతను వెనుక భాగంలో అమర్చి, ఫ్యాన్ నీడ ఒక జత మీదే పడేలా చూసుకోవడం అన్నిటికన్నా తెలివైన పద్ధతి అని నమ్ముతాను.

స్మార్ట్‌సోలార్‌లో నాకు అన్నిటికన్నా నచ్చినది దాని ఫోన్ యాప్‌లో కనిపించే 30 రోజుల చరిత్ర. ఏ రోజు ఎన్ని వాట్-గంటలు వచ్చాయి, గరిష్ఠ వాట్లు ఎంత, బ్యాటరీ ఆ రోజు పూర్తిగా నిండి ఫ్లోట్ దశకు చేరిందా లేదా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. వరుసగా కొన్ని రోజులు ఫ్లోట్ దశ కనిపించకపోతే ఖర్చు రాబడిని మించుతోందని అర్థం. మధ్యాహ్నానికే ఫ్లోట్‌కు చేరుతుంటే మిగులు కరెంటుతో వేడి నీళ్లు కాచుకోవచ్చని అర్థం. లోపాలు లేకపోలేదు. పరికరం మీద తెర లేదు, రంగు దీపాలు మాత్రమే ఉంటాయి. ఫోన్ అంటే చికాకు ఉన్న పెద్దవాళ్లకు ఇది ఇబ్బంది. చిన్న నమూనాలలో దీపాల వంటివి కలుపుకోవడానికి లోడ్ టెర్మినళ్లు ఉంటాయి, 100/30లో అవి లేవు. బ్లూసోలార్ అన్న పేరుతో ఉన్న చవక వరుసలో బ్లూటూత్ లోపలే ఉండదు, విడిగా కొనాలి. అప్పుడు ఆదా అయినదేమీ మిగలదు.

బ్యాటరీల విషయంలో ఇప్పుడు పెద్ద చర్చ అవసరం లేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను బ్యాటరీ పదార్థంగా 1997లో లోకానికి వెల్లడించినది టెక్సాస్ విశ్వవిద్యాలయంలోని జాన్ గుడెనఫ్ బృందం; లిథియం అయాన్ బ్యాటరీలపై కృషికి ఆయనకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. వ్యాన్‌లో పడుకునే మనిషికి ఈ రసాయనం తెచ్చిన మేలు చాలా స్థూలమైనది. 100 ఆంపియర్-అవర్ల ఏజీఎం బ్యాటరీ (మూసి ఉంచిన లెడ్ యాసిడ్ రకం) 30 కిలోల ప్రాంతంలో ఉంటే ఇది 11 నుంచి 14 కిలోలు ఉంటుంది. ఏజీఎంలో సగానికి మించి వాడితే ఆయువు తరుగుతుంది. ఇందులో 80, 90 శాతం నిర్భయంగా వాడుకోవచ్చు. ఏజీఎం కొన్ని వందల సార్లు నిండి ఖాళీ అయ్యేసరికి అలసిపోతే ఇది కొన్ని వేల సార్లు భరిస్తుంది. పైన వేసిన 1,130 వాట్-గంటల లెక్కకు 12.8 వోల్టుల 200 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ, అంటే 2,560 వాట్-గంటలు, ఎండ అసలు లేకపోయినా రెండు రోజులు సరిపోతుంది. అదే పరిమాణం ఏజీఎం ఒక్క రోజుకే చాలించుకుంటుంది.

కొనేముందు బ్యాటరీ లోపల ఉండి దాన్ని కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ అయిన బీఎంఎస్ గురించి మూడు విషయాలు అడగాలి. మొదటిది, సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్‌ను అది తానే ఆపుతుందా? గడ్డకట్టే చలిలో ఛార్జి ఎక్కిస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. చలి ప్రదేశాల్లో తిరిగే వ్యాన్‌కు ఈ రక్షణ లేని బ్యాటరీని ఎంత తగ్గింపు ధరకు ఇచ్చినా తీసుకోకూడదు. రెండవది, ఆగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదు? 100 ఆంపియర్ల బీఎంఎస్ ఉన్న బ్యాటరీ మీద 2,000 వాట్ల ఇన్వర్టర్ పెడితే పొయ్యి వెలిగించగానే అంతా ఆరిపోతుంది. మూడవది, బ్లూటూత్ ద్వారా నాలుగు సెల్ సమూహాల వోల్టేజిలను విడివిడిగా చూపుతుందా? చూపితే లోపం ఎక్కడుందో ఊహించవలసిన పని ఉండదు.

లిథియం బ్యాటరీ పెట్టుకుని, వచ్చే పోయే కరెంటును కొలిచే షంట్ మీటరు కొనకపోవడం మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వలేను. పాత లెడ్ బ్యాటరీలలో వోల్టేజి చూసి ఎంత మిగిలిందో అంచనా వేయగలిగేవారు. ఇందులో 90 శాతం నుంచి 40 శాతానికి దిగినా వోల్టేజిలో తేడా 0.3 లోపే ఉంటుంది. చిన్న ఫ్యాన్ వేసినా తీసినా ఆ తేడా మాయమవుతుంది. బ్యాటరీ నెగటివ్ వైపు కలిపే విక్ట్రాన్ స్మార్ట్‌షంట్ లోపలికి వచ్చిన ప్రతి ఆంపియర్‌నూ, బయటికి పోయిన ప్రతి ఆంపియర్‌నూ కూడుతూ, తీసివేస్తూ మిగిలిన శాతాన్ని చెబుతుంది. ఒక్క నియమం తప్పకుండా పాటించాలి: వ్యాన్‌లోని నెగటివ్ వైర్లన్నీ షంట్ అవతలి వైపుకే రావాలి, ఒక్కటి నేరుగా బ్యాటరీకి వెళ్లినా లెక్క తప్పుతుంది. అప్పుడప్పుడు బ్యాటరీ పూర్తిగా నిండితేనే మీటరు తనను తాను 100 శాతానికి సరిచేసుకుంటుంది. బడ్జెట్ తక్కువైతే ఒక ప్యానెల్ తగ్గించుకుని అయినా దీన్ని కొనాలి, ఎందుకంటే మిగిలిన కొనుగోళ్లలో ఏది సరిపోలేదో చెప్పేది ఇదే.

సోలార్ గురించి మాట్లాడేటప్పుడు ఆల్టర్నేటర్‌ను మరిచిపోవడం పరిపాటి. ఆల్టర్నేటర్ కరెంటును బ్యాటరీకి తగినట్టు మార్చి, హద్దులో ఉంచి పంపే డీసీ-డీసీ ఛార్జర్ 30 ఆంపియర్లది ఉంటే గంట ప్రయాణంలో 350 నుంచి 400 వాట్-గంటలు చేరతాయి. చలికాలంలో అది రోజంతటి సోలార్ రాబడిలో సగం పైమాట. లిథియం బ్యాటరీని రిలే ద్వారా నేరుగా ఆల్టర్నేటర్‌కు కలపడం ప్రమాదకరం. అది తన దారికి వచ్చిన కరెంటునంతా లాగేసుకుంటుంది, ఇంజిన్ నిదానంగా తిరుగుతూ చల్లబరిచే గాలి తక్కువైన వేళ ఆల్టర్నేటర్ కాలిపోగలదు. ఇంధనం ఆదా కోసం వోల్టేజిని తగ్గిస్తూ పెంచుతూ ఉండే కొత్త వ్యాన్ల స్మార్ట్ ఆల్టర్నేటర్లకైతే డీసీ-డీసీ ఛార్జర్ తప్పనిసరి. విక్ట్రాన్ ఓరియన్-టీఆర్ స్మార్ట్ 12/12-30 నమ్మదగినదే అయినా బాగా వేడెక్కుతుంది, గాలి ఆడని అరలో బిగిస్తే తన సామర్థ్యాన్ని తగ్గించుకుంటుంది. తరువాత వచ్చిన ఓరియన్ ఎక్స్‌ఎస్ 12/12-50 చిన్నది, ఎక్కువ ఆంపియర్లు ఇస్తుంది, శక్తిని వేడిగా పోగొట్టుకోవడం చాలా తక్కువ. రెండింటిలో ఎంచుకునే వీలుంటే ఇదే తీసుకోవాలి. రెనోజీ డీసీసీ50ఎస్ ఈ పనినీ ఎంపీపీటీ పనినీ ఒకే పెట్టెలో చేస్తుంది. చోటు తక్కువైన చిన్న వ్యాన్‌కు అది మంచి పరిష్కారం. రెండు దారుల నుంచీ ఛార్జి వస్తున్నప్పుడు ఒక్కొక్కదాన్ని 25 ఆంపియర్లకు పరిమితం చేస్తుంది కాబట్టి 400 వాట్ల ప్యానెళ్లున్నవారు ప్రయాణంలో కొంత వదులుకుంటారు. సోలార్ వైపు భరించే వోల్టేజి విడి కంట్రోలర్ల కన్నా తక్కువ కనుక ప్యానెళ్లను శ్రేణిలో కలిపేముందు దాని మాన్యువల్ చూడాలి. పెట్టె ఒకటే కావడం వల్ల అది చెడితే రెండు దారులూ ఒకేసారి మూతపడతాయి, నేను విడి పరికరాలవైపు మొగ్గడానికి అసలు కారణం అదే.

ఇన్వర్టర్‌ను ఎంత పెద్దది కొంటే అంత మంచిదనుకోవడం సరికాదు. పెద్ద ఇన్వర్టర్ ఏ పనీ చేయకుండా ఆన్‌లో ఉన్నా 15 వాట్లు తింటే రోజుకు 360 వాట్-గంటలు, అంటే ఫ్రిజ్ ఖర్చులో మూడింట రెండు వంతులు, ఊరికే పోతుంది. ఫోన్లు, యూఎస్‌బీ-సీ ల్యాప్‌టాప్‌లను 12 వోల్టుల నుంచే ఛార్జి చేసుకుని, మిక్సీకో పొయ్యికో అవసరమైనప్పుడు మాత్రమే ఇన్వర్టర్ వేసుకునేలా స్విచ్ చేతికందే చోట పెట్టుకోవాలి. ఇంటి కరెంటు లాంటి నునుపైన తరంగాన్ని ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ రకం కానిది కొనవద్దు.

ఇప్పుడు పవర్ స్టేషన్ల సంగతి. ఎకోఫ్లో డెల్టా 2 లోపల 1,024 వాట్-గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 1,800 వాట్ల ఇన్వర్టర్, 500 వాట్ల దాకా సోలార్ తీసుకునే ఎంపీపీటీ ఉన్నాయి, బరువు 12 కిలోలు. ఒక్క వైరు కూడా కోయకుండా, ఒక్క రంధ్రం కూడా వేయకుండా సాయంత్రానికల్లా ఫ్రిజ్ నడిపించుకోవచ్చు. వ్యాన్ అద్దెకు తీసుకునేవారికి, సెలవు దినాల్లో మాత్రమే వెళ్లేవారికి, వచ్చే ఏడు వ్యాన్ మార్చే ఆలోచన ఉన్నవారికి నేను దీన్నే చెబుతాను. పని అయ్యాక ఇంట్లో కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది కూడా. వ్యాన్‌నే ఇల్లుగా చేసుకున్నవారికి మాత్రం దీని పరిమితులు త్వరగా తగులుతాయి. వాహనం 12 వోల్టుల సాకెట్ నుంచి ఇది 100 వాట్ల ప్రాంతంలోనే ఛార్జి తీసుకుంటుంది, అంటే నిండడానికి పది గంటలు నడపాలి. దాని 12 వోల్టుల అవుట్‌పుట్ 10 ఆంపియర్లకే పరిమితం. ఫ్రిజ్, ఫ్యాన్, నీటి పంపు ఒకేసారి పనిచేస్తే ఆ హద్దు దగ్గర పడుతుంది. లోపల ఏ భాగం చెడినా పెట్టె మొత్తం మరమ్మతుకు వెళ్లాలి, అది తిరిగి వచ్చేదాకా వ్యాన్‌లో చీకటే. విడి పరికరాల వ్యవస్థలో కంట్రోలర్ పోయినా ఆల్టర్నేటర్ ఉంటుంది, ఆల్టర్నేటర్ దారి పోయినా ప్యానెళ్లుంటాయి, పోయిన భాగాన్ని ఏ ఊరిలోనైనా మరో కంపెనీ పరికరంతో మార్చుకోవచ్చు. దూర ప్రయాణాల్లో ఈ స్వతంత్రానికి నేను పెద్ద విలువ ఇస్తాను.

విడి పరికరాలు ఎంచుకున్నవారు ఫ్యూజుల విషయంలో పొదుపు చేయకూడదు. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే కొన్ని వేల ఆంపియర్లు పారుతాయి. అంతటి ప్రవాహాన్ని చవక ఫ్యూజు తెంచలేక దానిలోనే మంట నిలిచిపోయే ప్రమాదం ఉంది. 20,000 ఆంపియర్ల దాకా తెంచగల క్లాస్ టీ ఫ్యూజును బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గరగా పెట్టాలి. 2,000 వాట్ల ఇన్వర్టర్ 12 వోల్టుల దగ్గర 185 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి దానికి 70 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ కావాలి. సన్నని కేబుల్ వేడెక్కడమే కాదు, వోల్టేజి పడిపోయి ఇన్వర్టర్ అలారం మోగించి ఆగిపోతుంది. ప్యానెళ్ల ఎంసీ4 కనెక్టర్లు చూడటానికి ఒకేలా ఉన్నా వేర్వేరు తయారీదారులవి కలిపి బిగించకూడదు, లోపలి పట్టు సరిగా కుదరక కాలక్రమంలో కాలిపోతాయి. కలిపేటప్పుడు ముందు బ్యాటరీని కంట్రోలర్‌కు, ఆ తరువాతే ప్యానెళ్లను కలపాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెళ్లను తీయాలి. బిగింపు పని ఎవరి చేత చేయించినా ఈ నాలుగూ స్వయంగా అడిగి, కళ్లతో చూసి తెలుసుకోవలసినవే.

పైకప్పు మీద ప్యానెల్ కింద రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల ఖాళీ వదిలితే గాలి ఆడి వేడి తగ్గుతుంది. సికాఫ్లెక్స్ 252 వంటి వాహనాల జిగురుతో బ్రాకెట్లను అంటించడం చాలామంది చేస్తున్న పనే. పైకప్పు రంగు గట్టిగా లేకపోతే రంగుతో సహా ఊడి వస్తుంది కనుక నేను జిగురుకు తోడు బోల్టులు కూడా వేయించుకునే పక్షం.

ఫ్రిజ్, ఫ్యాన్, ల్యాప్‌టాప్‌తో గడిపే ఇద్దరు మనుషుల వ్యాన్‌కు నేను సిఫారసు చేసే కూర్పు ఇది: పైకప్పు కుదిరితే ఒక ఇంటి ప్యానెల్, కుదరకపోతే రెండు జతల చిన్న గట్టి ప్యానెళ్లు, స్మార్ట్‌సోలార్ 100/30, చలి రక్షణ ఉన్న 200 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ, స్మార్ట్‌షంట్, ఓరియన్ ఎక్స్‌ఎస్, 1,000 వాట్లకు మించని ఇన్వర్టర్. అన్నీ ఒకేసారి కొనే వీలు లేనివారు బ్యాటరీ, షంట్, డీసీ-డీసీ ఛార్జర్‌తో మొదలుపెట్టి, ఆల్టర్నేటర్ మీదే కొంతకాలం తిరిగి, షంట్ చూపిన ఖర్చును బట్టి ప్యానెళ్లు ఎంచుకోవచ్చు. అలా చేసేటప్పుడు పైకప్పు నుంచి దిగే వైరును మొదటి రోజే 6 చదరపు మిల్లీమీటర్లది వేయించి, కంట్రోలర్‌కు గోడ మీద చోటు వదిలి ఉంచాలి. రెండవ బ్యాటరీ అవసరం పడుతుందన్న అనుమానం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా అదే కంపెనీ, అదే నమూనా, అదే సామర్థ్యం ఉన్నదాన్ని తీసుకోవాలి. ఏళ్ల తరబడి వాడిన బ్యాటరీ పక్కన కొత్తదాన్ని సమాంతరంగా కలిపితే బరువంతా కొత్తదాని మీదే పడుతుంది, పైగా కొన్ని కంపెనీలు అలా కలిపిన బ్యాటరీలకు వారంటీ ఇవ్వవు.